యానాం వాళ్లని అడగాలట, మరి కూనవరం వాళ్లని?

మా అమ్మ పుట్టిల్లు యానాం. నాన్నగారి ఊరు గౌతమికి ఇవతల, ఎదుర్లంక దగ్గర. ఇప్పుడంటే బాలయోగి గారి పేరు పెట్టిన వంతెన ఉంది, బండి మీద చిటికెలో దాటేస్తాం. నా చిన్నప్పుడు రేవులో పడవ కోసం కూర్చోవాలి. సంక్రాంతికి, వేసవి సెలవులకి, అమ్మమ్మకి ఒంట్లో బాగోలేదని కబురొస్తే మధ్యలో కూడా, అలా దాటుతూనే ఉండేవాళ్లం. అవతలి ఒడ్డు మా రాష్ట్రం కాదన్న సంగతి నాకు ఆరో తరగతిలో తెలిసింది. 1986, పెద్ద వరద వచ్చిన ఏడు. సోషల్ మేష్టారు ఆంధ్రప్రదేశ్ మ్యాపు గీయించి, కాకినాడ కింద చిన్న చుక్క పెట్టించి, అక్కడ రంగు వేయొద్దన్నారు. "అది మనది కాదు, పాండిచ్చేరిది" అన్నారు.

మా అమ్మమ్మ ఇల్లు ఆ రంగు వేయని చుక్కలో ఉంది. తర్వాత యానాం వెళ్లినప్పుడు ఆవిణ్ణి అడిగాను. అట్లు పోస్తూ చెప్పింది. పెద్దమావయ్య పుట్టినప్పుడు పేరు ఫ్రెంచి దొరల రిజిస్టర్లో రాశారట. అయిదేళ్లకి మా అమ్మ పుట్టేసరికి ఆ ఆఫీసు మీద జెండా మారిపోయిందట. ఒకే గదిలో పుట్టిన అన్నాచెల్లెళ్లు, పుట్టింది మాత్రం రెండు పాలనల్లో. ఇవతలి ఒడ్డున మా తాతయ్యా అంతే. ఇంటి గుమ్మం మారకుండానే మద్రాసు రాష్ట్రం, ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, మూడూ చూశారాయన.

సరిహద్దులు మారడం మీద నాకు అభ్యంతరం లేదు. మారాలి కూడా. మద్రాసు ప్రెసిడెన్సీ అనేది ఇంగ్లీషువాళ్లు యుద్ధాలు గెలిచిన క్రమంలో పోగుపడ్డ భూమి, దాన్ని అలాగే ఉంచేస్తే స్వాతంత్ర్యానికి అర్థం ఏముంది? భాషా రాష్ట్రాలు రావడం మంచిదే. తెలంగాణ విడిపోవడం కూడా అక్కడి జనం హక్కేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, 2013లో ఒప్పుకోలేదు. నా బాధ వేరే. గీత ఎవరి పొలం గట్టు మీదుగా పోతుందో ఆ మనుషుల్ని ఈ డెబ్భై ఏళ్లలో మనం సరిగ్గా అడిగింది లేదు. అడగకపోవడం వల్ల నష్టపోయినవాళ్లే, తమ వంతు వచ్చినప్పుడు పక్కవాళ్లని అడగలేదు. అందులో గోదావరి డెల్టా వాళ్లం మేమూ ఉన్నాం.

ముందు యానాం సంగతి.

ఊరు మొత్తం 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ మేమే. పాలు, కూరగాయలు, పెళ్లిసంబంధాలు, అప్పులు, అన్నీ అటూ ఇటూ నడుస్తూనే ఉంటాయి. వాళ్ల ఎమ్మెల్యే మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన పుదుచ్చేరి అసెంబ్లీలో కూర్చుంటారు. కేసు పెద్దదైతే మద్రాసు హైకోర్టుకి పోవాలి. గీత దాటగానే చట్టం మారిపోవడం మాకు కొత్త కాదు. బాల్య వివాహాలను ఆపడానికి తెచ్చిన శారదా చట్టం 1930లో బ్రిటిషు ఇండియాలో అమల్లోకి వచ్చింది. ఫ్రెంచివాళ్ల యానాంలో దానికి చెల్లుబాటు లేదు. దాంతో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిల్లల్ని తీసుకుని యానాం వెళ్లి, పెళ్లిళ్లు చేసుకుని తిరిగొచ్చేవారు. ఊరికి కల్యాణపురం అని పేరు పడింది. మా నాయనమ్మ పెళ్లి అలాంటిదే. తొమ్మిదేళ్ల పిల్లని నిద్రలో ఎత్తుకెళ్లి పడవ ఎక్కించారట. ఆవిడ ఆ సంగతి చెప్పినప్పుడల్లా నాకు కడుపు రగిలేది. గోదారి ఇవతల ఉండి ఉంటే ఆవిడకి చట్టం అడ్డుపడేది. మ్యాపు మీద గీత అంటే కాగితం వ్యవహారమే కదా అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ముందు మా నాయనమ్మే గుర్తొస్తుంది.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో కార్యకర్తలు యానాంలోకి వచ్చి పాలనను చేతిలోకి తీసుకున్నారు. అదే ఏడు అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ఫ్రెంచి స్థావరాల ప్రజాప్రతినిధులు 178 మంది ఓటేశారు. 170 మంది ఇండియాలో కలుస్తామన్నారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. ఒప్పందం మీద సంతకాలు 1956 మేలో జరిగితే, దానికి ఫ్రాన్సు ఆమోదముద్ర పడి చట్టబద్ధంగా బదిలీ అయ్యేసరికి 1962 ఆగస్టు 16 వచ్చింది.

ఆ ఒప్పందంలో ఒక మాట ఉంది. దాన్ని నేను చాలా ఆలస్యంగా, నలభై ఏళ్లు దాటాక చదివాను. చదివాక ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఈ ప్రాంతాల పాలనా హోదాలో రాజ్యాంగపరంగా ఏ మార్పు చేయాలన్నా, అక్కడి ప్రజల కోరిక తెలుసుకున్నాకే చేయాలి. అంతే ఆ మాట. వలస పాలకుడు వెళ్లిపోతూ రాయించిన షరతు అని కొట్టిపారేయొచ్చు. కానీ అది పనిచేసే మాటే. 1979 జనవరిలో పుదుచ్చేరిని పక్క రాష్ట్రాల్లో కలిపేద్దామన్న ఆలోచన ఢిల్లీ నుంచి వచ్చింది. అక్కడి జనం వీధుల్లోకి వచ్చారు, కాల్పులు జరిగాయి, ఆ ఆలోచన ఆగిపోయింది. అంటే యానాంని ఏ రాష్ట్రంలో కలపాలన్నా మా మావయ్య లాంటివాళ్ల మనసు కనుక్కోవాలి.

ఇవతలి ఒడ్డుకి రండి. మాకు రాజ్యాంగం మూడో అధికరణం వర్తిస్తుంది. పార్లమెంటు కొత్త రాష్ట్రాన్ని ఏర్పరచొచ్చు, ఉన్నదాన్ని పెంచొచ్చు, తగ్గించొచ్చు, సరిహద్దు జరపొచ్చు, పేరు మార్చొచ్చు. రాష్ట్రపతి సిఫార్సు ఉండాలి, బిల్లును ఆ రాష్ట్ర శాసనసభకి అభిప్రాయం కోసం పంపాలి. అభిప్రాయం అంతే, అంగీకారం అక్కర్లేదు. ఆ అభిప్రాయం చెప్పడానికి కూడా రాష్ట్రపతి గడువు పెట్టొచ్చని 1955లో అయిదో సవరణ తెచ్చారు. గడువు దాటితే అభిప్రాయం లేకుండానే ముందుకు పోవచ్చు. శాసనసభ మాటకే ఈ పాటి విలువైతే, ఊరి మాటకి ఎంత ఉంటుంది? ఊరి ప్రస్తావనే ఆ అధికరణంలో లేదు.

ఇంకో పోలిక చెప్తాను. జిల్లా సరిహద్దు మార్చాలంటే మన రాష్ట్రంలో 1974 నాటి చట్టం ఉంది. ముందు ముసాయిదా ప్రకటించాలి, 30 రోజులు అభ్యంతరాలు తీసుకోవాలి. 2022లో 13 జిల్లాలని 26 చేసినప్పుడు మా ఊరి నుంచి కూడా అర్జీలు వెళ్లాయి, కలెక్టరాఫీసులో వాటికి రసీదు ఇచ్చారు. వాటిలో ఎన్నిటిని పట్టించుకున్నారన్నది వేరే చర్చ. కనీసం అర్జీ పెట్టుకోవడానికి ఒక గుమ్మం ఉంది. రాష్ట్రం మారేటప్పుడు సామాన్యుడికి ఆ గుమ్మం కూడా లేదు.

మొదటి నుంచీ ఇలాగే ఉందా అంటే, తాతయ్య చెప్పిన రోజుల్లోకి వెళ్లాలి.

ఆంధ్ర రాష్ట్రం అనే కోరికకి గోదావరి జిల్లాలతో చాలా చుట్టరికం ఉంది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ ఉద్యమంలో ముందు వరసలో నిలబడ్డ పట్టాభి సీతారామయ్య గారు 2022 దాకా పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్న గుండుగొలనులో పుట్టినవారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో దార్ కమిషన్ భాషా రాష్ట్రాలు ఇప్పుడు వద్దంది. అప్పుడు కాంగ్రెసు వేసిన ముగ్గురు పెద్దల కమిటీలో నెహ్రూ, పటేల్‌లతో పాటు పట్టాభి గారూ ఉన్నారు. 1949 ఏప్రిల్‌లో ఆ కమిటీ ఆంధ్రకి దారి తెరుస్తూనే, మద్రాసు నగరం మీద ఆశ వదులుకోండి అని చెప్పింది. ఆ నివేదిక మీద పట్టాభి గారి సంతకం చూసి తాతయ్య తరం నొచ్చుకుంది. ఆయన పరిస్థితిలో ఎవరున్నా అంతకంటే ఏం చేయగలిగేవారో నాకు తెలీదు గానీ, మా ఇంట్లో ఆ పేరెత్తితే తాతయ్య మాట మార్చేసేవారు.

తర్వాత పొట్టి శ్రీరాములు గారు. 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో నిరాహారదీక్ష మొదలుపెట్టారు. ఆయనకి తన ఇంట్లో చోటిచ్చింది మా జిల్లావాడు, దుళ్ళలో పుట్టిన బులుసు సాంబమూర్తి గారు. మద్రాసు శాసనసభకి స్పీకరుగా చేసిన మనిషి. 58 రోజులు. డిసెంబరు 15 రాత్రి శ్రీరాములు గారు పోయారు. కబురు తెలిసిన రోజు మా ఊళ్లో చాలా ఇళ్లలో పొయ్యి వెలిగించలేదట. కోస్తా అంతటా రైళ్లు ఆగిపోయాయి, కాల్పుల్లో మనుషులు చనిపోయారు. డిసెంబరు 19న నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ఇస్తామన్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా 11 జిల్లాలతో రాష్ట్రం వచ్చింది, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి అయ్యారు.

దీన్ని మనం విజయంగా చెప్పుకుంటాం. విజయమే. కానీ ఒక మనిషి 58 రోజులు తిండి మానేసి చనిపోతే తప్ప ప్రభుత్వం చెవిన పడలేదంటే, జనం మాట వినడానికి పద్ధతి ఏదీ లేదనే కదా అర్థం? మనం ఆ పద్ధతి కోసం పోట్లాడలేదు. రాష్ట్రం వచ్చింది, చాలనుకున్నాం. పద్ధతి లేకపోవడం అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఎవరు ఏ రాష్ట్రం అడిగినా, ఎంతమంది చచ్చిపోతారు, ఎన్ని బస్సులు ఆగుతాయి అన్నదే కొలబద్ద అయింది. నాకు ఇది అన్నిటికంటే బాధ కలిగించే సంగతి.

ఆంధ్ర రాష్ట్ర బిల్లు 1953లో రాజ్యసభకి వచ్చినప్పుడు అంబేద్కర్ గారు లేచి వేరే ప్రశ్న వేశారు. కొత్త రాష్ట్రంలో బలమైన కులాల చేతికి అధికారం వస్తే, తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లకి, షెడ్యూల్డు కులాలవాళ్లకి రక్షణ ఏమిటని. అప్పట్లో ఆ ప్రశ్నకి మనవాళ్లు చెవి ఒగ్గలేదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

1956కి వస్తే, రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ తన నివేదికని 1955 సెప్టెంబరు 30న ఇచ్చింది. హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలని కొన్నాళ్లు విడిగా ఉంచండి, 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది కావాలంటే అప్పుడు ఆంధ్రతో కలపండి అంది. అంటే అడగమంది. ఆ అడగడం జరగలేదు. హైదరాబాదు శాసనసభలో 1955 చివర చర్చ అయితే జరిగింది, విశాలాంధ్ర వైపు మాట్లాడినవాళ్లే ఎక్కువ, ఆ మాట కూడా చెప్పాలి. కానీ కమిషన్ చెప్పిన ఎన్నిక లేదు, మూడింట రెండొంతుల ఓటూ లేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు వైపుల నాయకులు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. నవంబరు 1కి ఆంధ్రప్రదేశ్ వచ్చేసింది. 1969లో తెలంగాణలో, 1972లో జై ఆంధ్ర పేరుతో ఇటు మనవైపు ఎందుకు భగ్గుమందో వెతికితే, స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలు, ఉద్యోగాలు, నీళ్లు అన్నీ కారణాలే. వాటన్నిటి అడుగున మాత్రం, మమ్మల్ని అడక్కుండా కలిపారన్న ముల్లు ఉంది. కమిషన్ చెప్పినట్టు అయిదారేళ్లు ఆగి ఓటు అడిగి ఉంటే, బహుశా అవుననే ఓటే వచ్చేది. అవునని తన నోటితో అన్నవాడు తర్వాత కష్టం వస్తే సర్దుకుంటాడు, వాడి తరఫున ఇంకెవరో అవునంటే జన్మంతా గుర్తుపెట్టుకుంటాడు.

2013లో ఆ ముల్లు మాకు గుచ్చుకుంది. ఆగస్టు నుంచి రెండు నెలలు బస్సుల్లేవు, ఆఫీసుల్లేవు, బళ్లు మూతపడ్డాయి. రావులపాలెంలో హైవే మీద వంటావార్పు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎండలో పొయ్యి దగ్గర నిలబడి గొంతు పోయేలా అరిచాను. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. దాన్ని పక్కన పెట్టారు. ఫిబ్రవరి 18న లోక్‌సభలో తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయిన సమయంలో బిల్లు నెగ్గించారు. ఆ రోజు మా ఇంట్లో అందరం టీవీ ముందు ఉన్నాం, తెర మీద ఏమీ లేదు. "ఒక్కమాట అడగలేదే" అని మా నాన్నగారు అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ ఫిబ్రవరి తర్వాత మే వచ్చింది.

పోలవరం ప్రాజెక్టు కట్టాలంటే మునిగే ఊళ్లు ఆంధ్రలో ఉంటే తేలిక. అందుకని ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలని, బూర్గంపాడులో కొన్ని ఊళ్లూ భద్రాచలం పట్నమూ మినహాయించి, ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ 2014 మే చివర్లో ఆర్డినెన్సు వచ్చింది. జూలైలో పార్లమెంటు చట్టం చేసింది. కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పశ్చిమ గోదావరికి, చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, భద్రాచలం మండలంలో మిగిలిన ఊళ్లు తూర్పు గోదావరికి వచ్చాయి. అక్కడ ఎక్కువమంది కోయవాళ్లు, కొండరెడ్లు. ఏప్రిల్ 30న వాళ్లు తెలంగాణ శాసనసభకి ఓటేశారు. ఓటు సిరా వేలి మీద ఆరకముందే రాష్ట్రం మారింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో వాళ్ల తరఫున మాట్లాడే ఎమ్మెల్యే కోసం 2019 దాకా ఆగాల్సొచ్చింది. పోలవరం వల్ల కదలాల్సిన కుటుంబాలు లక్షకు పైగా, అందులో చాలా భాగం ఈ మండలాల్లోనే. అంత పెద్ద మాట నడుస్తున్న అయిదేళ్లూ సభలో వాళ్ల కుర్చీ లేదు.

ఆ మే నెలలో నేను ఏం చేశాను? పేపర్లో చదివి సంతోషించాను. పోలవరానికి అడ్డు తొలగిందని మా టీ కొట్టు దగ్గర అందరం అనుకున్నాం. అంతకు ముందు ఏడు మమ్మల్ని అడగలేదని హైవే మీద కూర్చున్నవాళ్లం మేమే. ఆ ఊళ్లవాళ్లని ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న మాలో ఒక్కడి నోట్లోంచీ రాలేదు. నా నోట్లోంచి రాలేదు. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఆ ప్రశ్న నాకు రావడానికి కారణం 2022 జూలై వరద. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. మా లంకల్లోనూ నీళ్లు ఎక్కాయి, అయినా మాకు ఏటిగట్లు ఉన్నాయి, బంధువులు ఉన్నారు, ధవళేశ్వరం నుంచి గంటగంటకీ కబురు ఉంటుంది. నీళ్లు తీశాక ఆగస్టులో మా ఊరి కుర్రాళ్లం కొందరం బియ్యం, దుప్పట్లు వ్యానులో వేసుకుని మారేడుమిల్లి ఘాట్ మీదుగా కూనవరం వెళ్లాం. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు అది. ఇళ్ల గోడల మీద బురద గీత నా తలకంటే ఎత్తున ఉంది.

అక్కడ ఒక పెద్దావిడ, ఎనభై దాటి ఉంటాయి, దుప్పటి ఇవ్వబోతే ముందు ప్లాస్టిక్ కవరు తీసింది. వరదలో పిల్లలతో పాటు మోసుకెళ్లింది ఆ కవరేనట. అందులో పాత పట్టాదారు పుస్తకం మీద ఖమ్మం జిల్లా, ఆధార్ మీద తూర్పు గోదావరి జిల్లా, కొత్త కాగితం ఒకదాని మీద అల్లూరి సీతారామరాజు జిల్లా. "ఏది చూపించమంటావు బాబూ?" అంది. కార్డు అక్కర్లేదమ్మా అని దుప్పటి చేతిలో పెట్టాను. నమ్మలేదు, మూడూ నా ముందు పరిచింది.

ఇంటికొచ్చాక ఆ ఊరి చరిత్ర వెతికాను. భద్రాచలం తాలూకా 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకి మార్చారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో కాకినాడ దూరమని ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014 ఏప్రిల్‌లో తెలంగాణ శాసనసభకి ఓటు, మే చివరి ఆర్డినెన్సుతో ఆంధ్రప్రదేశ్. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా. కాకినాడ దూరమని ఒకప్పుడు ఖమ్మం ఇచ్చినవాళ్లకి ఆ పాడేరు జిల్లాలో కలెక్టరు దగ్గరికి పోవాలంటే రోజంతా ఘాట్ రోడ్డు అయింది. ఆ పెద్దావిడ పుట్టిన దగ్గర్నుంచీ జరిగినవి లెక్కేస్తేనే ఇన్ని మార్పులు. ఒక్కసారి కూడా ఆవిడ ఊళ్లో ఎవరూ చెయ్యెత్తి అవుననో కాదనో చెప్పిన సందర్భం లేదు.

ఎటపాక దగ్గర పరిస్థితి చూస్తే ఇంకా వింత. భద్రాచలం పట్నం తెలంగాణలో ఉంది, పక్కనే ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు ఆంధ్రలో ఉన్నాయి. తెలంగాణలోనే ఉన్న దుమ్ముగూడెం, చర్ల మండలాలకి భద్రాచలం నుంచి పోయే రోడ్డు మధ్యలో ఆంధ్రలోకి దిగి మళ్లీ తెలంగాణలోకి ఎక్కుతుంది. రామాలయం తెలంగాణలో, రాముడి భూములు ఎనిమిది వందల ఎకరాలకు పైగా పురుషోత్తపట్నంలో. ఆ ఐదు పంచాయతీల వాళ్లు 2022 వరద తర్వాత మమ్మల్ని తెలంగాణలో కలపండని బహిరంగంగా కోరారు. ఆసుపత్రికి, బడికి, సంతకి వాళ్లు పోయేది భద్రాచలమే కదా. ఆ కోరికని తీసుకుని ఎవరి దగ్గరికి పోవాలో చెప్పే నిబంధన మాత్రం ఎక్కడా లేదు.

"ఇలా ఊరూరా అడుగుతూ పోతే దేశం ఉంటుందా?" అని నన్ను చాలామంది అడిగారు, మా తమ్ముడితో సహా. వాడికి చెప్పిందే ఇక్కడా చెప్తాను. అడిగిన చోట దేశం ఏమీ విరిగిపోలేదు. గోవాని మహారాష్ట్రలో కలపాలా వద్దా అని 1967 జనవరి 16న అక్కడి జనాన్నే ఓటు అడిగారు. వద్దన్నారు. మహారాష్ట్ర దాన్ని ఒప్పుకుంది, గొడవ అక్కడితో తీరింది. ఆంధ్రకీ మద్రాసుకీ మధ్య సరిహద్దు తేల్చడానికి పటాస్కర్ గారిని వేసినప్పుడు ఆయన జిల్లానో తాలూకానో కాకుండా ఊరిని లెక్కగా తీసుకున్నారు. ఏ ఊళ్లో ఏ భాషవాళ్లు ఎక్కువ, అది దేన్ని ఆనుకుని ఉంది అని చూశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, మనకి బాధే. కానీ ఆ సరిహద్దు మీద ఇవాళ ఎవరూ రాళ్లు వేసుకోవడం లేదు. 2013లో ఒడిశాలో నియంగిరి కొండ తవ్వాలా వద్దా అని సుప్రీంకోర్టు చెబితే 12 గ్రామసభలు పెట్టారు. 12 ఊళ్లూ వద్దన్నాయి. అడవిలో ఉన్న పన్నెండు ఊళ్లని అడగ్గలిగినప్పుడు ఎటపాక దగ్గర అయిదింటిని అడగడం ఏం కష్టం? కూనవరం, చింతూరు రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ఉన్న గిరిజన ప్రాంతాలు. అలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం అక్కడ ప్రాజెక్టుకి భూమి తీసుకోవాలన్నా ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి. భూమి తీసుకోవడానికి అడగాలి, ఆ భూమితో పాటు మనుషుల్ని ఇంకో రాష్ట్రానికి మార్చేయడానికి అక్కర్లేదు.

ఇంకో అభ్యంతరం ఉంది, దానికి జవాబు చెప్పడం నాకు ఇంత తేలిక కాదు. మా అమలాపురం. 2022 మే నెలలో కోనసీమ జిల్లాకి అంబేద్కర్ గారి పేరు చేరుస్తూ ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు చెప్పుకోమని 30 రోజులు గడువు పెట్టారు. మే 24న ఆ పేరు వద్దన్నవాళ్లు అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు, బస్సులు కాల్చారు. అడగడం అంటే ఇదేనా అని మా స్నేహితుడొకడు ఎత్తి పొడిచాడు. నేను ఆ పేరు పెట్టాలన్నవాళ్ల వైపే. ఆ వారం రోజులు మా పేటల్లో పిల్లలు బయటికి రావడానికి భయపడ్డారు, ఇంటర్నెట్ లేదు, మా ఇంట్లో అందరికీ టెన్షన్. అంబేద్కర్ గారు 1953లో వేసిన ప్రశ్న సరిగ్గా మా వీధి చివరకి వచ్చి నిలబడింది. అప్పుడు నాకు అర్థమైంది, అడగడం అంటే రోడ్డు మీద ఎవరి గుంపు పెద్దదో చూడటం కాదు. గుంపుకి భయపడేవాడు కూడా ధైర్యంగా తన మాట చెప్పుకునే ఏర్పాటు ఉండాలి. రహస్య ఓటు ఉంది కదా, డెబ్భై ఏళ్లకు పైగా ఎన్నికల్లో వాడుతున్నాం, పేటలో ఉన్నవాడి ఓటూ పెద్దవీధిలో ఉన్నవాడి ఓటూ అక్కడ ఒకటే. మే 24న ఇళ్లకి నిప్పు పెట్టినవాళ్లు అడగడాన్ని కోరుకున్నవాళ్లు కారు, దాన్ని ఆపాలనుకున్నవాళ్లు.

నేను కోరేది పెద్ద విప్లవం ఏమీ కాదు. మూడో అధికరణంలో ఒక మాట చేర్చాలి. ఒక ఊరిని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చేముందు ఆ ఊళ్లో ఓటు పెట్టాలి. ఆ ఫలితం పార్లమెంటుని పూర్తిగా కట్టి పడేయకపోయినా, దానికి విరుద్ధంగా పోతే ఎందుకు పోతున్నారో రాసి చెప్పాలి. మారిన ఊళ్లకి మర్నాటి నుంచే కొత్త రాష్ట్ర సభలో మాట్లాడే మనిషి ఉండాలి, అయిదేళ్లు ఆగక్కర్లేదు. యానాంకి ఫ్రాన్సు అడిగి రాయించుకున్న మాటని, మన ఊళ్లకి మనమే రాసుకోవాలి.

అది వచ్చేదాకా నేను చేయగలిగింది నా వైపు నుంచి మాట్లాడటం. పోలవరం నీళ్లు వస్తే నా అయిదెకరాలకి రెండో పంట భయం లేకుండా పండుతుంది. ఆ లాభం నాకు ఉందని తెలిసే చెప్తున్నాను. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు ఊళ్లవాళ్లు తెలంగాణకి పోతామని ఓటేస్తే డెల్టాలో ఉన్న నాకు అభ్యంతరం లేదు. ఆంధ్రలో ఉంటామంటే వాళ్ల రోడ్డు కోసం, ఆసుపత్రి కోసం వాళ్లతో పాటు ధర్నాకి కూర్చుంటాను. మొన్న ఈ మాటే పెద్దమావయ్యతో అంటే, ఆయన తన ఫ్రెంచి రిజిస్టరు నకలు బీరువాలోంచి తీసి చూపిస్తూ అన్నాడు: "మమ్మల్ని కూడా ఎవడూ ఊరికే అడగలేదురా. అడగాలని రాయించుకున్నాం."